తుపాకీకి ఒళ్ళా, ఒంటికి తుపాకీయా?

అందరూ సంక్రాంతికి హైదరాబాదు విడిచి ఊళ్ళకు పోతుంటే, నేను మటుకు బెజవాడలో ఎదురు బస్సెక్కి మా తమ్ముడింటికి వెళ్ళాను. బస్సంతా ఖాళీ. తీరా ఇంటికి చేరి చూద్దును గదా, ఇల్లూ బోసిగానే వున్నది. మరదలు "రండి వదినా" అని నవ్వుతూ ఎదురొచ్చింది గాని, నేను రాగానే మెడకు చుట్టుకునే మేనకోడలు గదిలోంచి బయటికి రాలేదు.

"ఏమయిందమ్మా పిల్లకి?" అన్నాను.

"తుపాకీ మానేస్తుందట వదినా. నా మొక్కు ఫలించిందనుకోండి" అన్నది మరదలు గొంతు తగ్గించి.

మా మరదలికి మొదటినుంచీ ఈ వ్యవహారం గిట్టదు. ఆడపిల్ల చేతికి వీణ ఇవ్వాలి గాని తుపాకీ ఏమిటని ఆమె వాదం. మా తమ్ముడిది వేరే దారి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్య పతకం తెచ్చిన సంగతి వచ్చిన వారందరికీ చెప్పి చెప్పి, చివరకు పిల్లను తీసుకెళ్ళి చేర్పించాడు. అప్పటికి ఎనిమిది నెలలయింది.

గదిలోకి వెళ్ళాను. పిల్ల మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని గోడవంక చూస్తున్నది. గోడకు ఎవరో విదేశీ ఛాంపియన్ ఫొటో అంటించి వున్నది. నిలువుగా నిలబడి, ఎడమ మోచెయ్యి సరిగ్గా తుంటి ఎముక మీద ఆనించి, పిడికిలి మీద తుపాకీ నిలబెట్టి, శిల్పంలా వున్నదామె.

"నాకు రాదత్తయ్యా. ఎనిమిది నెలలు అలాగే నిలబడాలని చూశాను. నా మోచెయ్యి అక్కడికి అందదు. నా చెయ్యి పొట్టి. నా ఒళ్ళే దీనికి పనికిరాదు" అన్నది. నడుము నొప్పి కూడా వస్తున్నదట. ఆ సంగతి తల్లికి చెప్పలేదట.

పదిహేనేళ్ళ పిల్ల తన ఒంటిని గురించి అలా తీర్పు చెప్పుకుంటే నాకు మనసెలాగో అయింది. ఎందుకంటే అదే తీర్పు, దాదాపు అదే వయసులో, నేనూ ఒకసారి విన్నాను. ఆ కథ చివర చెబుతాను. కనుమ వెళ్ళిన మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని, అది నేర్చుకునే చోటికి నేనే వెళ్ళాను. "మీ వెంట నేనూ వస్తా వదినా, ఆ మానేసేదేదో పద్ధతిగా చెప్పి వద్దాం" అని మరదలూ బయలుదేరింది.

అక్కడ నేర్పే మాస్టారు సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. పాతికమంది పిల్లలకు ఆయనొక్కడే. మా పిల్ల చెప్పినదంతా ఓపికగా విని, "ఫొటోలో అమ్మాయి మొండెం పొట్టి, చేతులు పొడుగు. నీది మొండెం పొడుగు, పైచెయ్యి పొట్టి. ఆమె చొక్కా నువ్వు తొడుక్కుంటే సరిపోతుందా? ఆమె నిలబడే తీరు మటుకు ఎలా సరిపోతుంది?" అన్నాడు. ఆ తరువాత మాకు గంటసేపు విషయం విడమరిచి చెప్పాడు. నాకు అర్థమయినంతవరకు మీకు చెబుతాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలుండవచ్చు గదా.

ముందుగా ఈ పందెం ఎంత నాజూకయినదో చూడండి. పది మీటర్ల ఎయిర్ రైఫిలులో గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. లక్ష్యం నడుమ పది మార్కుల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు, అంటే ఆవగింజ కన్నా చిన్నది. తుపాకీ బరువు 5.5 కిలోలకు మించకూడదు. నిలబడి, 75 నిమిషాలలో 60 గుళ్ళు పేల్చాలి. తుపాకీకి వెనుక ఒక సైటు, ముందొక సైటు వుంటాయి. ఆ రెంటికీ మధ్య ముప్పావు మీటరు దూరం వున్నదనుకోండి. ముందు సైటు మిల్లీమీటరులో పదోవంతు పక్కకు జరిగితే చాలు, గుండు మిల్లీమీటరుకు పైగా దారి తప్పుతుంది. కనుక ఇక్కడ బలం కన్నా నిశ్చలంగా వుండటం ముఖ్యం.

మరి మనిషి నిశ్చలంగా ఎలా వుంటాడు? కండబలంతో మటుకు కాదు. కండ ఎంత గట్టిదయినా కాసేపటికి అలుస్తుంది, అలిసి వణుకుతుంది. ఎముక అలవదు. అందుచేత బరువును కండ మోయకుండా ఎముక మీదుగా నేలలోకి దింపాలి.

ఈ మాట విన్నప్పుడు మా మరదలు చటుక్కున, "బిందె మోసినట్టా అండీ?" అని అడిగింది.

మాస్టారు నవ్వి, "సరిగ్గా అంతేనమ్మా" అన్నాడు.

చూశారా! నిండు బిందెను చేత్తో వేలాడదీసి ఎవరూ ఆట్టే దూరం మోయలేరు. తుంటి మీద పెట్టుకుని, తుంటిని ఆ పక్కకు కాస్త నెట్టి, నడుమును రెండో పక్కకు వంచి నడుస్తారు. చంటిపిల్లను ఎత్తుకునేదీ అలాగే. నిలబడి రైఫిలు పేల్చే భంగిమకూ మూలం ఇదే. కుడిచేతి వాటం వారయితే ఎడమ పక్కను లక్ష్యం వైపు తిప్పి నిలబడతారు. ఎడమ తుంటిని లక్ష్యం వైపు కొంచెం నెట్టి, వీపును కాస్త వెనక్కు వాల్చి, ఎడమ మోచేతిని ఒంటికి ఆనిస్తారు. తుపాకీ బరువు ముంజేతి ఎముకలోంచి మోచేతికి, అక్కడినుంచి తుంటికి, కాలికి, నేలకు దిగిపోతుంది. ఎడమచేతి వాటం వారికి ఇదంతా తారుమారు.

అయితే బిందె ఇద్దరాడవాళ్ళు ఒక్కలాగే మోస్తారా? పొడుగాటి ఆమె ఒక తీరున, పొట్టి ఆమె ఒక తీరున, నిండు చూలాలు మరో తీరున మోస్తారు. ఎవరూ ఫొటో చూసి నేర్చుకోలేదు. ఎవరి ఒళ్ళు వారికి నేర్పింది.

మా పిల్ల చేసిన పొరపాటు ఇక్కడే వున్నది. మోచెయ్యి తుంటికి అందటం లేదని, మొండేన్నే ఎడమ పక్కకు వంచి అందించింది. దాంతో భుజం కిందికి దిగింది. తుపాకీ కిందికి దిగింది. సైటులోంచి చూడటానికి తల వంచవలసి వచ్చింది. తల వంచితే చూపు కనుబొమల కిందుగా పోతుంది, కన్ను త్వరగా అలుస్తుంది. పైగా ఒంటి తూకం తెలిపే అవయవం చెవి లోపల వున్నది గనుక, తల ఒరిగినకొద్దీ తూకమూ చెడుతుంది. ఒక్క మోచేతిని బలవంతాన ఒకచోట పెట్టబోతే నడుము, మెడ, కన్ను అన్నీ దాని వెంట చెడ్డాయన్నమాట. నడుము నొప్పికీ మూలం అదే.

"పందెం నియమావళిలో ఏమున్నదో తెలుసునా అమ్మాయీ?" అన్నాడు మాస్టారు. "ఎడమ మోచేతిని తుంటి మీదనో, ఛాతీ మీదనో ఆనించవచ్చునని వున్నది. ఆ 'నో' అన్న అక్షరం నీలాంటి వాళ్ళ కోసమే."

మా పిల్ల ముఖం చూడవలసింది. ఎనిమిది నెలలుగా తప్పనుకుంటున్నది తప్పే కాదట!

అప్పుడాయన దాని మోచేతిని పైకి తెచ్చి పక్కటెముకల అడుగున ఆనించి, "ఇప్పుడు తల దించకు. తుపాకీనే కంటి దగ్గరికి తేవాలి" అన్నాడు. ఈ కాలపు పందెపు తుపాకీలకు ఈ సదుపాయం వున్నది. భుజానికి ఆనే పలకను పైకీ కిందికీ జరపవచ్చు, తుపాకీ పొడవును పెంచవచ్చు, తగ్గించవచ్చు. చెంపకు ఆనే పలకను ఎత్తవచ్చు. మెడ పొడుగయినవారు సైట్ల కింద చిన్న దిమ్మెలు పెట్టి వాటినీ ఎత్తుకోవచ్చు. తుపాకీ కింద ఎడమచేతిని అరచెయ్యిగా పరచాలా, పిడికిలి బిగించాలా, వేళ్ళ మీద నిలపాలా అన్నది ముంజేతి పొడవును బట్టి తేలవలసిన సంగతి. మోచెయ్యి పైకి వచ్చేసరికి మా పిల్లకు పిడికిలితో పని లేకపోయింది, అరచెయ్యి చాలింది.

తరువాత ఆయన చూపిన పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చింది. గుండు లేని తుపాకీతో గురి చూసి నిలబడమన్నాడు. కళ్ళు మూసుకుని, రెండు మూడుసార్లు ఊపిరి తీసి వదిలి, ఒళ్ళంతా వదులు చేయమన్నాడు. ఆపైన కళ్ళు తెరవమన్నాడు. తుపాకీ లక్ష్యానికి కుడిపక్కన, జానెడు దూరాన చూస్తున్నది.

పిల్ల వెంటనే చేతులతో దాన్ని ఎడమకు లాగబోయింది. "లాగకు!" అన్నాడాయన. "ఇప్పుడు నీ ఒళ్ళు సహజంగా చూస్తున్నది అటు. నువ్వు చేత్తో లాగి గురి కుదిర్చావనుకో, గుండు పేలే క్షణంలో ఒళ్ళు మళ్ళీ అటే పోతుంది. చేతుల జోలికి పోకు. పాదాలు జరుపు." పాదాలు కొద్దికొద్దిగా జరిపి, మళ్ళీ కళ్ళు మూసి తెరిచి, నాలుగోసారికి తుపాకీ తనంత తానే లక్ష్యాన్ని చూసింది. గురి పైకో కిందికో తప్పితే మటుకు పాదాలతో పని లేదు, భుజం దగ్గరి పలకను సరిచేసుకోవాలట.

ఇది నిలబడి పేల్చే పద్ధతి. 50 మీటర్ల పోటీలో మోకాలి మీద కూర్చుని, బోర్లా పడుకుని, నిలబడి, మూడు విధాల పేల్చాలి. అక్కడా ఇదే న్యాయం. మోకాలి మీద కూర్చున్నప్పుడు కుడి పాదం గిలక కింద ఒక చిన్న చుట్ట దిండు పెట్టుకుని మడమ మీద కూర్చుంటారు. ఎడమ మోచెయ్యి ఎడమ మోకాలి మీద వుంటుంది. మోకాలి కొసకు 100 మిల్లీమీటర్ల ముందు వరకు, 150 మిల్లీమీటర్ల వెనుక వరకు మోచెయ్యి ఎక్కడయినా వుండవచ్చునని నియమం. అంటే జానెడుకు పైగా జాగా ఇచ్చారు. పొడుగు చేతులవారు ఒక కొసన, పొట్టి చేతులవారు ఒక కొసన సర్దుకోవచ్చు. మడమ మీద కూర్చోలేనివారు దిండు తీసేసి పాదాన్ని పక్కకు పరిచి కూర్చోవచ్చు. పడుకుని పేల్చేటప్పుడు ఎడమ ముంజెయ్యి నేలకు 30 డిగ్రీలకు తగ్గకుండా లేచి వుండాలి. అంతకుమించి ఎంత ఎత్తున్నా ఎవరిష్టం వారిది. చాలామంది కుడి మోకాలిని కాస్త పైకి ముడుస్తారు. అలా చేస్తే పొట్ట నేలకు నొక్కుకోక, ఊపిరి తుపాకీని ఊపకుండా వుంటుంది. సన్నగా వున్నవారికి ఆ అవసరం రాకపోవచ్చు.

నియమాలు కొన్ని హద్దులు గీశాయి. ఆ హద్దుల లోపల ఎవరి చోటు వారు వెతుక్కోవాలి. ఎలా వెతకాలో కూడా మాస్టారు చెప్పాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పాదాల ఎడం మార్చిననాడు భుజం పలక ముట్టకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే మేలు దేనివల్ల కలిగిందో తెలియదు. కూరలో ఉప్పూ పులుపూ ఒక్కసారే పోసి రుచి చూసినట్టుంటుంది. మార్చినదల్లా నోటుపుస్తకంలో రాయాలి. మార్చినరోజున మార్కులు చూడకూడదు, గుళ్ళన్నీ ఒకచోట గుంపుగా పడుతున్నాయా లేదా అన్నదే చూడాలి. గుంపు దగ్గరగా వుంటే, అది పక్కన పడినా దిగులు లేదు. సైటు తిప్పితే నడిమికి వస్తుంది. గుంపే చెదిరితే సైటు ఏమీ చేయలేదు. కొత్త తీరు ఒంటికి పట్టడానికి వారాలు పడుతుంది గనుక ఒక్కరోజులో మంచిచెడ్డలు తేల్చకూడదు. ఎదిగే పిల్లలు మరీ జాగ్రత్తగా వుండాలి. ఆర్నెల్లకోసారి పరికిణీ అంచు విప్పినట్టే, ఈ కొలతలూ మళ్ళీ సరిచూసుకోవాలి. కొత్తలో ఒళ్ళు కొంచెం బిగుసుకోవడం వేరు, నొప్పి వేరు. నొప్పి వస్తే దాచకూడదు. అది భంగిమ తప్పని ఒళ్ళు చెప్పే కబురు.

అన్నట్టు, ఈ సాధనంతా నేర్పేవారి కళ్ళెదుటే చేయాలి. ఖాళీ తుపాకీ అయినా మనిషి వైపు తిప్పరాదు. గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు వేయరాదు. ఈ రెండూ మటుకు ఎవరి ఒంటి కోసమూ మారవు.

తిరిగి వచ్చేటప్పుడు మా మరదలు, "ఇంతకీ బాగా ఎత్తూ, అమరికా వున్నవాళ్ళకే గదా వదినా పతకాలు" అన్నది. పట్టు అంత తొందరగా వదలదు ఆమె. నాకు తెలిసిన రెండు కథలు చెప్పాను.

మలేషియా దేశపు నూర్ సూర్యాని మొహమ్మద్ తైబీ 2012లో లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీకి దిగేనాటికి ఎనిమిదో నెల గర్భిణి. ఒంటి తూకం అంతా ముందుకు మారి వుండే సమయం అది. అలాంటి ఒంటితో ఆ పోటీలో నిలబడి, గుళ్ళన్నీ పూర్తిచేసింది. తుది పోటీకి చేరలేదు, నిజమే. కాని ఆ ఒంటికి తగిన నిలకడ ఒకటి వుంటుందని లోకానికి చూపింది.

రెండోది మన జయపూరు అమ్మాయి అవనీ లేఖరా కథ. 2012లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని, నడవలేని స్థితి వచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చునే రైఫిలు నేర్చుకుని, 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలులో స్వర్ణం, 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచింది. పారాలింపిక్సులో స్వర్ణం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. 2024లో పారిస్‌లో మళ్ళీ పది మీటర్ల స్వర్ణం ఆమెదే. ఆ పోటీలలో, ఒక్కొక్కరి మొండేనికి ఎంత పట్టున్నదో పరీక్షించి, దాన్ని బట్టి కుర్చీ వీపు ఎంత ఎత్తు వుండవచ్చునో నిర్ణయిస్తారు. ఒంటిని కొలిచిన తరువాతే కుర్చీని కొలుస్తారన్నమాట.

మా మరదలు మరి మాట్లాడలేదు. పిల్ల మటుకు వెనక సీట్లోంచి, "అత్తయ్యా, నువ్వూ కాలేజీలో పేల్చేదానివని నాన్న చెప్పాడు. ఎందుకు మానేశావు?" అన్నది.

ఇక దాచి లాభం లేదు. మా కాలేజీ రోజులలో నేను ఎన్.సి.సి.లో వుండేదాన్ని. పాయింట్ టూటూ రైఫిలుతో, 25 మీటర్ల దూరాన, బోర్లా పడుకుని పేల్చేవాళ్ళం. వరసగా పడుకున్న ఆడపిల్లలందరి మడమలూ ఒక్కలాగే నేలకంటాలి, మోచేతులు ఒక్కలాగే వుండాలి. నా గుళ్ళు ఎప్పుడూ అట్ట దాటి ఎటో పోయేవి. "నీకు చూపు ఆనదమ్మాయ్, వెళ్ళి కవాతు చేసుకో" అన్నారు. వెళ్ళి కవాతు చేసుకున్నాను. అద్దాల డాక్టరు నా చూపు బాగానే వున్నదన్నా, నా మనసు మటుకు నమ్మలేదు.

ఇంటికి రాగానే పిల్ల నన్ను వరండాలో నిలబెట్టింది. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వుంచి, రెండు కళ్ళూ తెరిచి, ఆ సందులోంచి ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకు చూడమన్నది. చూశాను. ఎడమ కన్ను మూయమన్నది. ట్యాంకు మాయమయింది! కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే, వున్నచోటనే వున్నది.

"నీది ఎడమ కన్ను వాటం అత్తయ్యా! చెయ్యి కుడిది, కన్ను ఎడమది. నిన్ను కుడి కంటితో చూడమన్నారు గదా, రెండు కళ్ళూ తెరిచి చూస్తే నీ ఎడమ కన్ను అడ్డం వచ్చి గురి పక్కకు లాగింది. మా దగ్గర ఇలాంటివాళ్ళు ముగ్గురున్నారు. ఒకడు ఎడమ భుజానికి మార్చుకున్నాడు. ఇద్దరు ఆ కంటి ముందు చిన్న అడ్డు పెట్టుకుంటారు. అంతే!" అన్నది.

అంతే! ఇన్నేళ్ళూ నాకు చూపు ఆనదనుకున్నాను. బిగ్గరగా నవ్వాను గాని, కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. నాకు నేర్పినవారిని ఏమీ అనను. వంద మందికి ఒక గంటలో నేర్పవలసిన వారు ఒక్కొక్కరి కన్ను ఎక్కడ చూస్తారు? కాని ఒక్క నిమిషం పట్టే పరీక్ష అది.

మొన్న పిల్ల ఫోను చేసింది. మార్కులేమీ అమాంతం పెరగలేదట. గుంపు మటుకు దగ్గరపడిందట. నడుము నొప్పి పోయిందట. గోడ మీది ఫొటో తీసేశావా అని అడిగాను. "లేదత్తయ్యా, ఆవిడంటే ఇష్టమే. కాని ఆవిడ పక్కన నా ఫొటో కూడా పెట్టాను, మాస్టారు తీసింది. మోచెయ్యి ఎక్కడున్నదో మరిచిపోకుండా" అన్నది.

వెనకనుంచి మరదలి గొంతు వినిపించింది. "వదినా, మీ తమ్ముడికి చెప్పండి. ఈ వంటగట్టు ఎవరి ఎత్తుకు కట్టించారో గాని, పన్నెండేళ్ళనుంచి పీట వేసుకుని నిలబడుతున్నాను. పిల్ల తుపాకీకి చేయించినట్టు, దీనికీ కొలతలు మార్పించమనండి!"

చెప్పాను. వచ్చే నెలలో మేస్త్రీ వస్తున్నాడట.